రేవు దొరకని నౌక

క్రొత్తదానిని శంకించువానిని మూఢుడని పిలుచుట మన చదువరులకు వాడుక. సంస్కారము కోరువారము గనుక ఆ మాట మన నోట మరింత తరచుగా వచ్చును. పాఠశాలలో శాస్త్రమును గూర్చి చెప్పునపుడు నాకును ఆ మాట నాలుక చివరకు వచ్చును. కాని దానిని పలుకుటకు ముందు ముత్సు అను జపాను నౌక కథ జ్ఞప్తికి వచ్చి, ఒక్క నిమిష మాగుదును.

అణుశక్తితో నడచు వర్తకనౌకలు లోకమున నాలుగే పుట్టినవి. అమెరికావారి సవానా 1962లో ప్రయాణము లారంభించెను. 1938లో యురేనియపు పరమాణువు చీలునని కనుగొన్న పండితుని పేర జర్మనులు ఒట్టోహాన్ అను నౌకను కట్టిరి. మూడవది 1969లో నీట దిగిన ముత్సు. నాలుగవది 1988 నాటి సోవియట్ నౌక సెవ్‌మోర్‌పుత్. పరమాణువు చీలగా పుట్టిన వేడిమి నీటిని కాచును; ఆవిరి చక్రములను త్రిప్పును. ఒక్కమారు నింపిన యింధనము ఏండ్ల తరబడి చాలును. అయితే ఆ వేడిమితోపాటు కంటికి కానరాని కిరణములును పుట్టును గావున రియాక్టరు చుట్టును దళమైన కవచము కావలెను.

ముత్సు నిలిచిన ఓమినాతో రేవు జపాను ఉత్తరభాగమున నున్నది. ఆ సముద్రశాఖలో ఆల్చిప్పలు పెంచి బ్రతుకు జాలరులు నౌకను కదలనీయమని 1974 ఆగస్టులో పడవలతో అడ్డుపడిరి. భయమేమియు లేదని ప్రభుత్వము చెప్పెను. గాలివానకు పడవలు చెదరిన రాత్రి నౌక వెడలిపోయెను. తీరమునకు 800 కిలోమీటర్ల దూరమున రియాక్టరును నడిపించిరి. పూర్తి శక్తిలో నూటికి రెండు పాళ్లయినను అందకమునుపే, సెప్టెంబరు 1వ తేదీన, కవచపు సందులనుండి కిరణములు వెలువడెను. నావికులు బోరాను కలిపిన అన్నపు ముద్దలతో వానిని అడ్డగింప జూచిరి. వెలువడినది స్వల్పమే. కాని ఆ కవచమునం దట్టి లోపము కలుగవచ్చునని, నమూనాను పరిశీలించిన అమెరికా సంస్థ యొకటి ముందే హెచ్చరించియుండెను. దానిని సవరించినవారు లేరు.

జాలరులు నౌకను రేవులోనికి రానీయలేదు. నష్టపరిహారమును, వేరొక రేవును ఏర్పరతుమని ప్రభుత్వము ఒడంబడువరకు, సుమారు ఏబది దినములు అది సముద్రముపైననే యుండెను. మరమ్మతులకును, క్రొత్త రేవునకును ఏండ్లు గడచెను. 1990, 1991 సంవత్సరములలో అణుశక్తితో 82,000 కిలోమీటర్లు తిరిగి పరీక్షలు ముగించెను; 1992లో విశ్రమించెను. ఒక్క బస్తా సరకైనను మోయలేదు. పిమ్మట రియాక్టరు తీసి, డీజిలు యంత్రములు పెట్టి, సముద్రపరిశోధనకై దానికి మిరాయి అని పేరిడిరి. జపాను భాషలో ఆ మాటకు భవిష్యత్తని అర్థము.

ఈ నౌకలను వ్యయమే ముంచినదని కొందరందురు. అందును సత్యము కలదు. 22 దేశముల రేవులు చూచిన ఒట్టోహాన్‌నుండియు 1979లో రియాక్టరును తీసివేసిరి. కాని యుద్ధనౌకకు తన దేశపు రేవు చాలును. వర్తకనౌక బ్రతుకు ప్రతి రేవువారి సమ్మతితోనే గడచును. సెవ్‌మోర్‌పుత్‌ను మొదట స్వదేశపు తూర్పు రేవులే రానీయలేదు.

ముత్సు జాలరులకు పరమాణుశాస్త్రము తెలియదనుట నిజమే కావచ్చును. నష్టము వచ్చినచో అది తమ వలలలోనే పడునని మాత్రము వారికి తెలియును. పండితులకు శాస్త్రము తెలిసియు, ముందు వచ్చిన హెచ్చరికను వినలేదు. వీరిలో ఎవరిని మూఢులందుము?

శంక లన్నియు నొక్కటి కావు. గ్రహణమునకు జడిసి భోజనము మానువాని శంకను బోధనచేత పోగొట్టవచ్చును. తన జీవనము పోవునేమో యని అడుగువానికి బోధన చాలదు, జవాబుదారి కావలెను. మన యింటిలో ముసలి యవ్వయో, పనివాడో క్రొత్తదానికి ఒప్పుకొననపుడు, ఆ శంక యీ రెండింటిలో ఏ జాతిదో ముందుగా అడిగి తెలిసికొందము. అడుగుటకు పట్టు కాలము, ముత్సు రేవులకై వెచ్చించిన కాలముకంటె తక్కువయే.