బట్టమేక పిట్టను చూడబోయే ముందు

బేతంచెర్ల నుంచి ఒక ఇల్లాలు ఉత్తరం రాశారు. "పిల్లలకు జంతువుల్ని చూపించాలంటే తిరుపతి జూకే పోవాలా డాక్టరుగారూ? మా దగ్గర్లో ఏమీ లేదా? తీసుకుపోతే జబ్బులేవైనా అంటుకుంటాయా?" అని అడిగారు. ఈ మూడు ప్రశ్నల్లో నా వృత్తికి సంబంధించింది చివరిదొక్కటే. అయినా ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసినవాణ్ని కనుక మొదటి రెండూ వదలబుద్ధి కాలేదు.

అమ్మా, మీ ఊరి పక్కనే ఒక వింత జూ ఉంది. బోనులు లేవు, జంతువులూ లేవు, ఉన్నవి వాటి ఎముకలే. బిల్లసర్గం గుహల సంగతే నేను చెప్పేది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కుమారుడు 1884 ప్రాంతంలో అక్కడ తవ్వించి పాత జంతువుల ఎముకలెన్నో బయటికి తీశారు. వాటిలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. ఆ జాతికి మన కర్నూలు పేరే పెట్టారు. నాపరాళ్లు తప్ప మరేమీ కనిపించని ఆ నేలమీద ఒకప్పుడు ఖడ్గమృగం తిరిగిందంటే మీ పిల్లలు నమ్మరు. చూపించి నమ్మించండి. అయితే గుహల్లో గబ్బిలాల రెట్ట ఎండి దుమ్ముగా లేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు బయటే కూర్చోవడం మంచిది. మిగతావాళ్లు ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోవాలి. గబ్బిలాన్ని చేత్తో ముట్టనివ్వకండి.

బతికి ఉన్న జంతువులు కావాలంటే నందికొట్కూరు వైపు, మిడుతూరు మండలంలోని రోళ్లపాడుకు పోవాలి. 2022 నుంచి బేతంచెర్లా, రోళ్లపాడూ రెండూ నంద్యాల జిల్లాలోవే. అక్కడ 614 హెక్టార్ల గడ్డిభూమిని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యం అన్నారని చెట్ల కోసం వెతక్కండి. మోకాలెత్తు గడ్డి, పైన ఎండ, అంతే. ఆ గడ్డి కోసమే బట్టమేక పిట్ట అక్కడ ఉండేది. మీటరు ఎత్తు ఉంటుంది, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి చాలా తక్కువ. సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు. అదీ గూడు లేకుండా, నేలమీదే పెడుతుంది.

ఇప్పుడు దాన్ని చూద్దామని పోతే నిరాశే మిగులుతుంది. చుట్టుపక్కల గడ్డినేలలు సాగునీరు వచ్చి పంట పొలాలయ్యాయి. రైతును తప్పుపట్టలేం, ఈ సీమలో నీళ్లొస్తే ఎవరు వద్దంటారు? దేశం మొత్తం మీద ఈ పిట్టలు నూటయాభై మించి లేవనీ, ఉన్నవి ఎక్కువగా రాజస్థాన్‌లోనేననీ అంచనా. అక్కడ జైసల్మేరు జిల్లాలో 2019 నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచుతున్నారు. రోళ్లపాడులో మీకు కనిపించేవి కృష్ణజింకలు. అదృష్టం బాగుంటే తోడేలో, నక్కో కనబడవచ్చు.

నేలమీద గుడ్డు పెట్టే పక్షికి ఊరకుక్క పెద్ద శత్రువు. మనం తిని పారేసిన బిర్యానీ పొట్లాల వాసనకు ఆ కుక్కలు వస్తాయి. పక్షికే కాదు, మీ పిల్లలకూ వాటితోనే ప్రమాదం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గొర్రెల కాపరి విరేచనాలవుతున్న చంటిబిడ్డను ఎత్తుకొచ్చాడు. పక్కన పదేళ్ల పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. వాడి పిక్కకు పసరు పూసి కట్టిన గుడ్డ నాకు కనిపించింది. బయట వరుసలో ఇంకా నలభై మంది ఉన్నారు. ఏమిటని అడగలేదు. చంటిదానికి మందిచ్చి పంపేశాను. నెల దాటాక ఆ పిల్లవాణ్ని మళ్లీ తెచ్చారు. గ్లాసులో నీళ్లు చూపిస్తేనే వాడి గొంతు బిగుసుకుపోతోంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే వాడికిప్పుడు ముప్పై దాటేవి. అప్పటినుంచి ఎవరి ఒంటిమీద కట్టు కనిపించినా, వాళ్లు రోగి అయినా కాకపోయినా, అడగకుండా పంపలేదు.

కనుక కుక్కగాని కోతిగాని నక్కగాని కరిచినా గీరినా, వెంటనే పారే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. సున్నం, కారం, పసరు ఏదీ పూయవద్దు. తర్వాత నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు భుజాలకే ఇస్తారు: మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోనే వేసే మరో మందు కూడా అవసరం. చిన్న గీతే కదా అని మీరే తేల్చేసుకోకండి.

గడ్డిలో రక్తపింజరి ఉంటుంది. పిల్లలకు చెప్పులు కాదు, బూట్లు వేయండి. కాటు పడితే తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాలు కదలకుండా పెట్టి, ఉన్న వాహనంలో ఆసుపత్రికి చేర్చండి.

ఎండాకాలంలో అసలు వెళ్లకండి. కార్తీకం తర్వాత, తెల్లవారుజామున బయలుదేరితే పది లోపల చూసి రావచ్చు. మనిషికి రెండు లీటర్ల చొప్పున కాచిన నీళ్లు, ఒక కూజా మజ్జిగ పెట్టుకోండి. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మీగడ గట్టిన పెరుగన్నం మాత్రం వద్దు, దారిలో పులుస్తుంది. మా ఇంట్లో ప్రతి ప్రయాణానికీ దీనిమీదే తగువు.

తిన్న ఆకులు, పొట్లాలు సంచిలో కట్టి తిరిగి ఇంటికే తెచ్చుకోండి. దారిలో ఏ కుక్కపిల్లయినా ముద్దొచ్చి మీవాడు ఎత్తుకున్నాడేమో, ఇల్లు చేరాక స్నానం చేయించేటప్పుడు కాళ్లూ చేతులూ ఒకసారి చూడండి. వాడు చెప్పడు.