జేబులోని లాటిన్ పట్టిక

మా పెట్టెలో ఒక పాత పెండ్లి పత్రిక ఉన్నది. ఎవరి పెండ్లిదో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ముద్రించిన వైపు ఒక సగం తెలుగు, ఒక సగం ఉర్దూ. వెనుక ఖాళీ వైపున నల్ల సిరాతో గడులు గీసి, మేము ఎక్కించుకొన్న లాటిన్ ప్రత్యయాల పట్టిక. నాలుగు మడతలు పెడితే చొక్కా జేబులో ఇమిడేది. మడతల వద్ద చినగకుండా సిరిసిల్ల మిత్రుడు సన్నని బట్టపీలికలు అంటించినాడు. ఆ పట్టికను గూర్చి, దానిని నమ్మి చేసిన ఒక అపరాధాన్ని గూర్చి వ్రాయవలెనని చాలకాలంగా అనుకొంటున్నాము.

జగిత్యాలలో డిగ్రీ చదివిననాడు మేము ముగ్గురం ఒకే బల్ల మీద కూర్చుండేవారం. ఒకరిది కోరుట్ల, ఇంటిలోను, బడిలోను ఉర్దూయే. ఒకరిది సిరిసిల్ల, ఇంటి ముందు గదిలో సాంచాలు నడిచేవి, రాత్రివేళ తండ్రితో పాటు అతడును వాటి దగ్గర నిలువవలసి వచ్చేది. మాది జగిత్యాలే. ఈ వ్యాసంలో 'మేము' అన్నప్పుడెల్ల ముగ్గురమని అర్థం. తప్పు చెప్పవలసిన చోట మాత్రం చదువరులు ఒక్కరినే లెక్కపెట్టుకొందురుగాక.

వృక్షశాస్త్ర విద్యార్థికి లాటిన్ పాఠ్యాంశం కాదు. అయినను ప్రతి మొక్కయు లాటిన్ పేరుతోనే అతని ఎదుటికి వస్తుంది. 1753లో లిన్నేయస్ ప్రతి మొక్కకు రెండు మాటల పేరు స్థిరపరచినప్పటి నుండి ఇదే వాడుక. క్రొత్తగా కనుగొన్న మొక్కను లాటిన్‌లో వర్ణించితేనే దాని పేరు చెల్లుతుందన్న నియమం 1935 నుండి 2011 చివరి వరకు అమలులో ఉండినది. 2012 నుండి ఇంగ్లీషు వర్ణనకు కూడ అనుమతి లభించినది. మేము చదివిననాటికి ఆ సడలింపు లేదు. పేర్లు కంఠస్థం చేయుమనేవారే గాని, వాటి తోకలు ఎందుకు మారుతవో చెప్పేవారు మాకు దొరకలేదు. మామిడి మాంజిఫెరా ఇండికా. నువ్వు సెసామమ్ ఇండికమ్. సుగంధిపాల హెమిడెస్మస్ ఇండికస్. మూడింటి అర్థమూ భారతదేశపుదనియే. మరి ఒకే విశేషణానికి మూడు తోకలేల?

ఒక పెద్ద గ్రంథం వెనుక పుటలలో ఆ పట్టిక కనబడినది. గ్రంథాన్ని ఇంటికి తెచ్చుకొనే వీలు లేదు గనుక అవసరమైనంత మట్టుకు పెండ్లి పత్రిక మీదికి ఎక్కించినాము. లాటిన్‌లో నామవాచకాలకు అయిదు వర్గాలు. మేము మూడింటినే తీసుకొన్నాము. విభక్తులు ఆరు, మాకు కావలసినవి ముఖ్యంగా ప్రథమ, షష్ఠి. పుంలింగానికి -ఉస్, స్త్రీలింగానికి -ఆ, నపుంసకానికి -ఉమ్. ముల్లంగి సటైవస్, వరి సటైవా, వెల్లుల్లి సటైవమ్ అయినవి. తెలుగు దేశంలో మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ దొర పేరు రాక్స్‌బర్గీ అయితే, అది షష్ఠీ విభక్తి. తాళం తెరిచినట్లయినది మాకు.

ఇందులో ఒక విచిత్రం. తెలుగు బడి నుండి వచ్చిన మా ఇద్దరికీ విశేషణం మారుతుందన్న సంగతి ఎంతకూ పట్టుబడలేదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి చెట్టు - మనకు 'మంచి' ఎక్కడైనా మంచియే. కోరుట్ల మిత్రునికి అది క్షణంలో తెలిసినది. "అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ. ఇంతే గదా!" అన్నాడు. నాటి నుండి అతడే మాకు లాటిన్ గురువు.

కోరుట్ల బస్సులో ఆ పట్టికను ముగ్గురం పైకి వల్లించేవారం. వారి తాతగారు పసినాడు పార్సీ క్రియలను ఆమద్‌నామా అనే చిన్న పుస్తకం నుండి కంఠస్థం చేసినవారు. మా జేబులు చూచి, "చదువును జేబులో వేసుకొని తిరుగుతున్నారా బేటా?" అని నవ్వేవారు. ఒకనాడు వేప పేరు చదువుతుంటే, 1830లో జుస్స్యూ పెట్టిన అజాడిరాక్టా ఇండికా అన్నది, ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. "ఆజాద్ దరఖ్త్! ఇది మా పార్సీ మాట!" అన్నారు. ఆ తరువాత ఆ పట్టికను చేతికి తీసుకొని చాలసేపు చూచినారు. మా గర్వానికి ఇక హద్దు లేదు.

ప్రాక్టికల్ పరీక్షకు ఎండబెట్టిన మొక్కల సంపుటి సమర్పించవలెను. సిరిసిల్ల మిత్రుడు రాత్రి సాంచాల దగ్గర నిలిచి, పగలు బస్సులో కునికేవాడు. అతని సంపుటికి పేర్లు మేమే వ్రాసిపెట్టినాము. చింత వచ్చినది. పాఠ్యపుస్తకంలో టామరిండస్ ఇండికా అని ఉన్నది. మేము పట్టిక తీసినాము. -ఉస్ ఉన్నచోట -ఆ ఎట్లు వచ్చును? అచ్చుతప్పు!

"పుస్తకంలో ఇండికా అనే ఉంది గదరా" అన్నాడతడు.

"పట్టిక చూడు" అన్నాము.

అతడు చూచి, మరి మాట్లాడలేదు. ఇండికస్ అని వ్రాసినాము. అదే ఊపున రావికి ఫైకస్ రెలిజియోసా తీసివేసి రెలిజియోసస్ అని 'సవరించినాము'. మా సంపుటిలో కూడ అట్లే వ్రాసుకొన్నాము.

పరీక్షకులు మా సంపుటిని పైపైన త్రిప్పి వదిలినారు. అతనిదాన్ని సరిగ్గా చింత దగ్గర తెరిచినారు. "ఈ పేరు నీకెవరు చెప్పినారు?" అని అడిగినారు. ప్రక్కనే నిలిచి ఉన్నాము. అతడు మా వైపు చూడలేదు. "నేనే వ్రాసిన సార్" అన్నాడు. మార్కులు తగ్గినవి. బయటికి వచ్చిన తరువాత కూడ దానిని గూర్చి ఒక్క మాట అనలేదు. సిరిసిల్ల బస్సు ఎక్కి వెళ్ళిపోయినాడు.

మరునాడు ఆ గ్రంథాన్ని మళ్ళీ తెరిచినాము. పట్టిక క్రింద చిన్న అక్షరాలలో ఒక పంక్తి ఉన్నది: తోక ఏదైనను, చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగాలు. ఎక్కించుకొన్ననాడు చోటు చాలదని దానిని వదిలినవారం మేమే. కోరుట్ల మిత్రుడు తల పట్టుకొన్నాడు. "మా నానమ్మ 'ఇమ్లీ పక్ గయీ' అంటుంది గదా! ఇమ్లీ మాకును స్త్రీలింగమే. టామరిండస్ అంటే అరబ్బీ తమ్ర్ హిందీ, హిందూస్థాన్ ఖర్జూరం. దానికి మళ్ళీ ఇండికా!" అంతవరకు ఎందుకు? ఏకవచనంలో మన తెలుగు కూడ స్త్రీని, చెట్టును ఒకే క్రియతో చెప్పుతుంది: ఆమె వచ్చినది, చెట్టు పడినది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం చదువుకొన్నవారమే మేము. ఆ వేళ ఏదియు తట్టలేదు.

ఇద్దరం వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయినాము. సాంచాల చప్పుడులో మా మాట అతనికి వినబడక రెండుమార్లు చెప్పవలసి వచ్చినది. అతడు సాంచా ఆపి, పట్టికను అడిగి తీసుకొని, తాను అంటించిన బట్టపీలిక ప్రక్కన 'చెట్టు ఆడది' అని వ్రాసినాడు. దాని క్రింద కోరుట్ల మిత్రుడు ఉర్దూలో 'లాటిన్ మేఁ దరఖ్త్ మోఅన్నస్ హై' అని వ్రాసినాడు.

"మరి మర్రి?" అని అడిగినాడు సిరిసిల్ల మిత్రుడు.

"బెంగాలెన్సిస్. -ఇస్ రెండు లింగాలకూ ఒక్కటే. దానిని చెడగొట్టలేదు" అన్నాము.

"నీ సంపుటిలో దిద్దుకొన్నావా?"

దిద్దుకోలేదు. ఆఖరు బస్సులో జగిత్యాలకు తిరిగివచ్చి, ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుండి దిద్దినాము. చింతకు ఒకటి, రావికి ఒకటి.