నా నాలుగు తులాల పజేరో

ఆ ఆదివారం పొద్దున్నే రాగులు కడిగి, పాత పంచె పరిచి, పజేరో బానెట్ మీద ఆరబోశాను. మా ఇంట్లో ఎండ బాగా తగిలే చోటు అదే. మిద్దె మీద పోస్తే పావురాలు, వాకిట్లో పోస్తే కోళ్లు. బానెట్ అయితే నడుము ఎత్తులో ఉంటుంది, వంగే పని లేదు, రేకు వేడికి మధ్యాహ్నానికల్లా గలగలమంటాయి.

సరిగ్గా అప్పుడే బెంగళూరు అబ్బాయి గేటు దగ్గర దిగాడు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు వెతికి కొని దాచుకోవడం అతని సరదా. మా బండి చూడ్డానికే వచ్చాడు. వస్తూనే రాగులు చూసి "అయ్యో!" అన్నాడు. మా ఆయన నావైపు చూసిన చూపు ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు, అందరి ఇళ్లలోనూ ఉండేదే.

అసలు కథ 2014లో మొదలైంది. మా ఊళ్లో పెద్ద బండి అంటే సుమో, సఫారీ, స్కార్పియో. సినిమాలవాళ్లు మా సీమ అనగానే సుమోలను గాల్లోకి లేపుతారు గానీ, ఇక్కడ అవి పొలాలకూ పెళ్లిళ్లకూ ఆస్పత్రులకూ తిరిగే బండ్లు. మా ఆయన మనసు మాత్రం వాటి మీద నిలవలేదు. 2005 నాటి పజేరో ఒకటి కర్నూలులో అమ్మకానికి ఉందని తెలిసింది. ధర 5 లక్షల 40 వేలు. శనగలు అమ్మిన డబ్బు, బ్యాంకు అప్పు పోగా ఇంకో లక్ష తక్కువైంది. పెళ్లికి మా అమ్మ పెట్టిన నాలుగు తులాల గాజులు అమ్మితే 1 లక్షా 4 వేలు వచ్చాయి.

"ఇది వట్టి బండి కాదే, క్లాసిక్ అవుతాది. పదేండ్లు ఆగు, నీ గాజులు రెండింతలు చేసిస్తా" అన్నాడు. నేను నమ్మానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఇచ్చాననేది మాత్రం నిజం.

2025 నవంబరుకు ఆ బండికి ఇరవై ఏళ్లు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. 2020లో మేం చేయించినప్పుడు కారుకు రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో దాన్ని 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. దాని మీద గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్ కోసం చేయించే రిపేర్లు, టైర్లు. ఇంకోపక్క మా పాప బీటెక్ మూడో సంవత్సరం హాస్టల్ ఫీజు. అందుకే ఇంట్లో మొదటిసారి "అమ్మేద్దామా?" అన్న మాట వచ్చింది. అన్నది నేనే.

మీలో చాలామందికి బండ్ల గోల పట్టదని తెలుసు. నాకూ పట్టదు. కానీ ఆ అబ్బాయి బండిని చూసిన తీరు మాత్రం నాకు నచ్చింది. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దముత్తైదువ చూసినట్టు చూశాడు. పైన రంగు వైపు కన్నెత్తలేదు. నేరుగా నేలమీద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. చేతిలో టార్చి, చిన్న సుత్తి. ఛాసిస్ పొడవునా టక్ టక్ అని కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము ఖంగుమంటుందట, లోపల తుప్పు తిన్నచోట బొద్దుగా పలుకుతుందట.

పక్కింటి శిల్పి తాత గోడమీంచి ఇదంతా చూసి నవ్వాడు. "ఈ పిల్లోడెవరో మా పనే చేస్తాండాడే!" అన్నాడు. ఆళ్లగడ్డలో పుట్టి పెరిగినవాళ్లకు ఉలి చప్పుడు కొత్త కాదు. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు శిల్పులు ముందు కొట్టి వింటారు. మోగే తీరును బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని వేరు చేస్తారు. మోగని రాయిని మూర్తికి వాడరు. పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల పగులుంటే సగం చెక్కాక విరుగుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది.

అరగంట తర్వాత ఆ అబ్బాయి దుమ్ము దులుపుకుంటూ లేచి "ఛాసిస్ బాగుందాంటీ" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ లెక్క చెప్పాడు. ముందు తగిలించిన ఇనుప బంపరు కంపెనీది కాదు, తీసేయాలి. సీట్లకు వేయించిన ఎర్ర రెగ్జిను, రెండో హారను, అద్దం మీద స్టిక్కర్లు అన్నీ బండి విలువను తగ్గించేవే. మావాడు ముచ్చటపడి చేయించిన ప్రతిదానికీ ధర కోస్తూ పోయాడు. ఆ ముచ్చట్లకు పెట్టిన డబ్బు పోగా, ఇప్పుడు ఎదురు కట్టాల్సి వస్తోందన్నమాట.

కాఫీ ఇస్తూ అడిగాను, "అసలు ఏ బండి క్లాసిక్ అవుతుందో మీకెలా తెలుస్తుంది?" అని. ఓపికగా చెప్పాడు. పాతదైనంత మాత్రాన కాదట. ముందు దానికంటూ ఒక కథ ఉండాలి. పజేరో 1982లో జపాన్‌లో మొదలైంది. ఎడారుల్లో జరిగే డాకర్ ర్యాలీని 12 సార్లు గెలిచింది, అందులో 2001 నుంచి 2007 దాకా వరసగా ఏడు సార్లు. మన దేశంలో 2002 నుంచి 2012 వరకు చెన్నై దగ్గర తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తయారుచేశారు. 2021లో దాని తయారీ ఆగిపోయింది. రెండోది, అలాంటిది మళ్లీ రాకూడదు. నిచ్చెన లాంటి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టి, పక్కన రెండో చిన్న గేరు లివరుతో నాలుగు చక్రాలూ తిప్పే బండ్లు తగ్గిపోతున్నాయి. మూడోది, చిన్నప్పుడు దాన్ని చూసి ఆశపడ్డ పిల్లలు పెద్దయి చేతిలో డబ్బుండాలి. "నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వీధిలో ఒకాయనకు ఉండేదాంటీ" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ సుత్తి ఎందుకు పట్టుకు తిరుగుతున్నాడో.

బయటి దేశాల్లో ఈ పిచ్చికి పెద్ద బజారే ఉంది. రేంజ్ రోవర్ 1970లో వచ్చింది. 2017లో ఆ కంపెనీయే పాత బండ్లను వెతికి తెచ్చి, కొత్తగా చేసి అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాలో 25 ఏళ్లు దాటిన విదేశీ బండిని తెచ్చుకోవడానికి నిబంధనలు సడలుతాయి, అందుకే పాత జపాన్ జీపులకు అక్కడ గిరాకీ. మన దగ్గరో? 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులుండకూడదు. ఆ గుర్తింపు వచ్చాక మామూలుగా రోజూ నడపకూడదు. అంటే మా బండికి ఆ యోగం 2055లో. అప్పటికి నాకు 76 ఏళ్లు. రాగులు ఆరబోయడానికి బానెట్ దాకా చేతులెత్తగలనో లేదో.

క్లాసిక్ అన్న మాటకు తెలుగులో ఏం చెప్పాలో నాకు తోచలేదు. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, నా మనసు పుస్తకాల మీదికి పోయింది. పక్కనున్న కడపకు 1820లో బ్రౌన్ దొర వచ్చాడు. తాటాకుల్లో చెదలు తింటున్న కావ్యాలను వెతికించి, పండితులను పెట్టి శుద్ధప్రతులు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. గొప్పగా రాసిన పుస్తకాలన్నీ మిగల్లేదు. ఎవరో ఒకరు తిరిగి రాసుకుంటూ, దుమ్ము దులుపుతూ వచ్చినవే మిగిలాయి. రాసినవాడి గొప్ప సగమైతే, కాపాడినవాళ్ల ఓపిక సగం.

బండి విషయంలో ఆ ఓపిక ఎవరిదో ఆ పూటే తేలింది. ఆ అబ్బాయి ముందు 3 లక్షల 75 వేలు అన్నాడు. మా ఆయన మనసులో ఎనిమిది ఉంది, మాట పెగల్లేదు. "కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు ఆ అబ్బాయి. నేను లోపలికి పోయి బీరువాలోంచి సంచీ తెచ్చాను. మొదటి యజమాని కొన్నప్పటి బిల్లు, కంపెనీ ఇచ్చిన పుస్తకం, సర్వీసు పుస్తకం, ఏటేటా ఇన్సూరెన్సు, రెండో తాళంచెవి, 2014 నుంచి చేయించిన ప్రతి రిపేరు రసీదు. పాలిథిన్ కవర్లో చుట్టి, రేషన్ కార్డు పక్కన పెట్టినవి. ఆ సంచీని పారేయమని మా ఆయన నాలుగుసార్లైనా అని ఉంటాడు. ఆ అబ్బాయి ఒక్కో కాగితం తిప్పి చూసి, నిదానంగా "4 లక్షల 25 వేలు ఇస్తా" అన్నాడు.

యాభై వేలు! బంపర్లు, హారన్లు తగ్గించిన విలువను నా పాలిథిన్ సంచీ లేపింది. మా అత్త మంచంలోంచే "కోడలు దాచిందంటే ఊరికే దాచదు" అంది. ఆ మాట ఇరవై మూడేళ్లకు వచ్చింది, రాసిపెట్టుకున్నాను.

రెండు రోజుల్లో చెబుతామని అతన్ని పంపించాం. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఖర్చుల పుస్తకాలు తీసి కూడాను. కొన్నది 5 లక్షల 40 వేలు. రిపేర్లు, టైర్లు, ఇన్సూరెన్సు కలిపి 3 లక్షల 85 వేలు. అందులో పెద్ద ముక్క ఇంజన్ హెడ్డుది. అది బండి తప్పు కాదు. రేడియేటర్ గొట్టం కారుతోందని నేను చూపించినా, "ఏం కాదులే" అని నల్లమల ఘాటు ఎక్కించిన మనిషి తప్పు. డీజిలు పక్కన పెట్టినా మొత్తం 9 లక్షల 25 వేలు. వచ్చేది 4 లక్షల 25 వేలు. మరి నా గాజులు? అప్పుడు గ్రాము మూడు వేలకు లోపే. ఇప్పుడు పదివేలు ఎప్పుడో దాటింది. నాలుగు తులాలంటే నాలుగు లక్షల పైమాటే. అంటే గాజులు బీరువాలో ఊరికే పడున్నా ఈరోజు ఆ బండి ధరకు సమానం. పెట్రోలు లేదు, టైర్లు లేవు, ఎవరినీ బతిమాలే పని లేదు.

ఆ లెక్క చూసి ఏడుపు వచ్చింది. డబ్బు కోసమే కాదు. అమ్మ చేతితో తొడిగినవి.

పొద్దున్నే ఆ కాగితం మా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "తప్పయిపోయింది. అమ్మేద్దాం" అన్నాడు. పదకొండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక గెలిచినట్టు అనిపించలేదు. బయటికి పోయి బండి తలుపు తీసి కూర్చున్నాను. ముందు సీటు పక్కన పైన పట్టుకునే పిడి ఉంటుంది. మా మామ చివరి రెండేళ్లూ కర్నూలు ఆస్పత్రికి పోయినన్నిసార్లూ దాన్నే పట్టుకుని కూర్చునేవాడు. అక్కడ రంగు వెలిసి ఉంది. బెంగళూరు అబ్బాయి దానికీ ఏదో ధర తగ్గించే ఉంటాడు.

అహోబిలం గుర్తొచ్చింది. అక్కడ పావన నరసింహస్వామి దగ్గరికి అడవిలో జీపులు పోతాయి. రాళ్లమీద ఎగిరెగిరి పడుతూ, డోర్లు లేకుండా, తాళ్లు కట్టుకుని. వాటినెవరూ క్లాసిక్ అనరు. కానీ రోజూ జనాన్ని చేరుస్తాయి. వాటి డ్రైవర్లు అవి రేపు ఎంత పలుకుతాయా అని చూడరు, ఈరోజు ఎక్కుతుందా లేదా అనే చూస్తారు. మేం తప్పు చేసింది అక్కడే అనిపించింది. బండి కొనడం తప్పు కాదు. ఇష్టపడి కొన్న వస్తువుకు ఆస్తి అని పేరు పెట్టుకున్నాం. ఇష్టమని ఒప్పుకుని ఉంటే నేను గాజులు ఇచ్చేదాన్నా? ఇవ్వకపోదును. ఆ సంగతి ఆయనకు తెలుసు కాబట్టే క్లాసిక్ అన్నాడు.

లోపలికి వచ్చి చెప్పాను. "అమ్మొద్దు. కానీ మూడు మాటలు. ఒకటి, ఇకమీదట దీన్ని పెట్టుబడి అనగూడదు, పుస్తకంలో ఖర్చు కిందే రాస్తా. రెండు, పాప ఫీజు కట్టినాకే దీని రిజిస్ట్రేషను. మూడు, నెలనెలా నా పేరు మీద బంగారం చీటీ మీరు కట్టాల. నాలుగు తులాలు అయ్యేదాకా."

"నాలుగు తులాలా! ఎన్నేండ్లు పడుతుందే?"

"బండికి వింటేజ్ రావడానికి ఇంకా ముప్పై ఏండ్లుంది కదా, తొందరేముంది?" అన్నాను. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

ఫీజు కట్టేశాం. ఇనుప బంపరు పాత సామాన్లవాడికి అమ్మితే వచ్చిన డబ్బు చీటీ మొదటి నెలకు సరిపోయింది. రిజిస్ట్రేషన్‌కు నంద్యాల పోవడానికి కాగితాల సంచీ నేనే పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది, రేపు లక్షలు పలుకుతుందని చెప్పి కొన్నది. దాన్ని అమ్మమని నేను చెప్పను. ఒక రాత్రి కూర్చుని దాని లెక్క మాత్రం రాసి చూడండి. కాగితాలు పారేయొద్దు.

రాగులు ఇప్పటికీ ఆ బానెట్ మీదే ఆరబోస్తున్నాను. ఈమధ్య మా ఆయనే పంచె పరిచి ఇస్తున్నాడు, గీతలు పడకుండా రెండు మడతలు వేసి.