పెనుకొండ దగ్గర ఆగిపోయే బండి

బెంగళూరు నుంచి ధర్మవరానికి రైల్లో మూడు గంటల పైచిలుకు. నెలకి రెండు శుక్రవారాలు నేను చేసే ప్రయాణం ఇది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఎక్కేస్తాను. దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దాటేసరికి చాలామంది నిద్రలోకి జారుకుంటారు. కొందరు ఫోన్లో సినిమా చూస్తుంటారు. నేను మాత్రం బండ్లు తోలుతుంటాను. అదీ ఫోన్లోనే.

చూస్తే చిన్నపిల్లల ఆటే అనిపిస్తుంది. బుగ్గలు ఉబ్బిన బొమ్మలు, బొమ్మంత కార్లు, దారి పొడుగునా పెట్టెలు. పెట్టెని గుద్దితే ఏదో ఒక సామాను చేతికొస్తుంది. వెనకాలొచ్చే వాడికి అరటితొక్క వెయ్యొచ్చు, ముందున్నోడి మీద నీళ్లబాంబు పడెయ్యొచ్చు. ఈ రకం ఆటల్లో కొరియాలో పెద్ద పేరు కార్ట్‌రైడర్. నెక్సాన్ కంపెనీ 2004లో తెచ్చింది. ఫోన్లో ఇప్పుడు ఆడే రకం 2020లో వచ్చింది. కంప్యూటర్లో ఆడే పాతదాన్ని 2023 మార్చి 31న మూసేశారు. నేనాడేది ఆ కోవలోదే ఇంకొకటి. పేరు చెప్పను.

ఈ ఆటల్లో నాకు భలే నచ్చే కిటుకు ఒకటుంది. ముందున్నవాడికి పెట్టెలో ఎక్కువగా చిన్నా చితకా సామానే వస్తుంది. చివర్లో ఈడ్చుకుంటూ వచ్చేవాడికి మిస్సైళ్లు, వేగం పెంచేవి దొరుకుతాయి. ఎవడూ ఆశ వదులుకుని ఫోన్ పక్కన పెట్టకుండా ప్రోగ్రామ్ అట్లా రాస్తారు. నేనూ కోడ్ రాసేవాణ్ణే కాబట్టి ఆ లెక్క నాకు తెలుసు. తెలిసీ ఆడతాను.

ఆ శుక్రవారం హిందూపురంలో రైలు ఆగింది. బయటివాళ్లకి హిందూపురం అంటే ఎన్టీఆర్, బాలకృష్ణల నియోజకవర్గం. మా వైపు వాళ్లకి చింతపండు, బెల్లం, ఎండుమిర్చి మార్కెట్. లేపాక్షి ఇక్కణ్నుంచి 15 కిలోమీటర్లే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కోసారి మా బోగీలోనే తిరుగు ప్రయాణం అవుతారు. ప్లాట్‌ఫారం మీద ఒకే మనిషి కూలీతో కన్నడం, చాయ్ అబ్బాయితో ఉర్దూ, పెళ్లాంతో తెలుగు మాట్లాడుతుంటాడు. ఇక్కడ సిగ్నల్ కూడా నిండుగా ఉంటుంది.

సిగ్నల్ నిండుగా ఉండబట్టే మెయిళ్లు టకటకా పడ్డాయి. 449. మళ్లీ 449. ఆ తర్వాత 899. అన్నీ నా పేరు మీద ఆటలో కొన్న రసీదులు. నేనేమీ కొనలేదు.

అర నిమిషంలో అర్థమైంది. నాయన ఫోన్లో నా అకౌంటే ఉంది, నేనే పెట్టాను. ప్రతిసారీ ఓటీపీ గొడవ ఎందుకని యాప్ స్టోర్ బ్యాలెన్స్‌లో డబ్బు వేసి ఉంచిందీ నేనే. బడి నుంచి రాగానే ఆ ఫోన్ లాక్కునేవాడు మా అక్క కొడుకు. పదకొండేళ్లు. వాడికి ఆట నేర్పిందీ నేనే.

ఫోన్ చేద్దామనుకునే లోపే రైలు కదిలింది. ఇక పెనుకొండ గుట్టలు. నా ఫోన్‌కి ఇక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆటలో నా బండి ఎప్పుడూ ఈ గుట్టల దగ్గరే ఆగిపోతుంది.

1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజులు రాజధానిని ఈ కొండ కిందికే మార్చుకున్నారు. గగన్ మహల్ ఇప్పటికీ ఉంది. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒకసారి కొండెక్కాం గానీ ఎండకి సగంలోనే దిగొచ్చాం. ఇప్పుడు పెనుకొండ అంటే కియా. ఎర్రమంచి దగ్గర 2019లో కార్లు తయారవడం మొదలయ్యాక హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్లు వచ్చాయి. కొత్త కార్లు ఎక్కించుకున్న గూడ్సు బండి మా రైలు పక్కన కనబడ్డం ఇప్పుడు మామూలే.

ఆటలో సామాన్లు అమ్మే వ్యాపారాన్ని తొలినాళ్లలో పెంచింది కూడా కొరియా వాళ్లే. ఆట ఉచితం, అందులోని సోకులకే డబ్బు. మేపుల్‌స్టోరీ అనే ఇంకో ఆటలో మంచి సరుకు తగిలే అవకాశాన్ని చెప్పకుండా తగ్గించారని 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ నెక్సాన్‌కి 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. మన దగ్గర 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. నా ఆటకి అది తగలదు. ఇందులో గెలిచినా డబ్బు రాదు, పోవడమే.

ధర్మవరంలో దిగేసరికి కోపం పండిపోయింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే మావాణ్ణి పట్టుకున్నాను.

"ఎవర్ని అడిగి కొన్యావురా?"

"నువ్వు కొంటావు గదా మామా. నీ గ్యారేజీలో పద్నాలుగు బండ్లుండాయి."

నాయన మగ్గం దిగి వస్తున్నాడు. గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. మా వీధిలో మరమగ్గాలు వచ్చినా ఇంకా నాడె చేత్తోనే ఆడిస్తాడు. మూడూ కలిపి 1,797 రూపాయలు. ఆయన మూడు నాలుగు రోజులు గుంతలో కాళ్లు పెట్టుక్కూర్చుంటే గానీ అంత కూలి రాదు.

"పద్నాలుగా? అన్నిటికీ ఎంతయిందిరా?" అన్నాడు.

వెయ్యో రెండువేలో అని నోటిదాకా వచ్చింది. కానీ పిల్లోడు చూస్తున్నాడు. ఫోన్లో కొనుగోళ్ల లిస్టు తీసి కూడాను. ఎప్పుడూ కూడలేదు అంతకుముందు. మూడేళ్లలో 23,460.

నాయన ఏమీ అనలేదు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి మళ్లీ లోపలికి పోయింది. అరుస్తారేమో అనుకున్నాను, అరిచినా బాగుండేది.

కాసేపటికి ఆయనే "ఏదీ, వాడు కొన్న బండి చూపీ" అన్నాడు. మావాడు ఎగిరి గంతేసి చూపించాడు. బండి తిప్పుతుంటే ఎరుపు కాస్తా పచ్చగా మెరుస్తోంది. నాయన కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాడు.

"పడుగొక రంగు, పేకొక రంగు వేస్తే మాకూ ఇట్లే వస్తాది. మంచి రంగే. ఎంతకాలం ఉంటాది?"

"నెలరోజులు తాతా. తర్వాత పోతాది."

"నెలకే?" అని ఫోన్ తిరిగిచ్చేసి కాళ్లు కడుక్కోడానికి పోయాడు.

ఆ రాత్రే నాయన ఫోన్లోంచి నా అకౌంట్ తీసేశాను. 48 గంటల్లోపు అడగాలి కాబట్టి డబ్బు వాపసు కోసం అర్జీ పెట్టాను. 449లు రెండూ వచ్చాయి, 899 రాలేదు. నా పద్నాలుగు బండ్లకి గడువు ఎప్పుడో దాటింది.

ఆట తీసెయ్యలేదు. ఆదివారం సాయంత్రం తిరుగు రైల్లో మావాడే పందేనికి పిలిచాడు. నాకు ఉచితంగా వచ్చే నీలం డొక్కు బండి, వాడికి నెలరోజుల ఎర్రది. రెండో రౌండులో నేను ముందున్నాను. వాడి మిస్సైల్ వస్తోందని స్క్రీన్ మీద ఎర్రగా మెరిసింది, గుట్టలు అడ్డమొచ్చాయి, బండి నిలబడిపోయింది.

హిందూపురంలో సిగ్నల్ రాగానే వాడి వాయిస్ మెసేజ్: "మామా, నువ్వు ఓడిపోయినావు. బండి ఆగినా ఓడినట్టే అంట."