ఆరా, పన్నెండా?

అమెరికాలో డాలస్ నగరం శివార్లలో మా అమ్మాయి కాపురం. అక్కడ ఇళ్ళ ముందు పచ్చగడ్డి పెంచుతారు. పెంచిన గడ్డిని ఎండాకాలమంతా వారం వారం కోస్తారు. మన ఊళ్ళో అయితే ఆ గడ్డి మీద ఒక గేదె హాయిగా బతుకుతుంది! అక్కడ గేదె లేదు గనక యంత్రం కావాలి. మా అల్లుడు పాత యంత్రం ఒకటి కొన్నాడు. దానిపైన కూర్చుని ట్రాక్టరులాగా నడపాలి. అది పెట్రోలుతో నడుస్తుంది గాని, ఇంజను కదలటానికి బ్యాటరీ ఉండాలి.

చలికాలమంతా అది షెడ్డులో ఊరికే పడి ఉన్నది. గడ్డి మొలిచాక తాళంచెవి తిప్పితే చప్పుడు లేదు. నేనూ, మా మనవడూ బ్యాటరీని బయటికి తీశాం. దాని మీది కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఛార్జరుకు ఒక మీట ఉన్నది: ఒక పక్క 6 వోల్టులు, ఇంకో పక్క 12.

మనవడు వోల్టుమీటరు పెట్టి చూశాడు. 6.1 చూపింది.

"తాతయ్యా, ఇది ఆరు వోల్టులదే! మీట ఆరు మీద పెట్టనా?" అన్నాడు.

వాడి ఆలోచన తెలివైనదే. కాని మీటరు చెప్పేది బ్యాటరీలో ఇప్పుడెంత ఉన్నదని; అది ఎంతటిదని కాదు. కడవలో చెంబెడు నీళ్ళే ఉంటే కడవ చెంబవుతుందా?

"పైన మూతలు లెక్కపెట్టరా," అన్నాను. ఆరున్నాయి.

పిల్లలూ, ఈ రకం బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. లోపల ఉండేవి సీసపు పలకలు, నీళ్ళు కలిపిన గంధకామ్లం. ఇవి ఉన్న ఒక్కొక్క అర సుమారు 2 వోల్టులిస్తుంది. పలకలను పెద్దవి చేస్తే బ్యాటరీ ఎక్కువసేపు పనిచేస్తుందే గాని, వోల్టులు పెరగవు. వోల్టులు పెరగాలంటే అరలనే ఒకదాని వెనక ఒకటి కలపాలి. ఒక్కో మూత కింద ఒక్కో అర. మూడు మూతలుంటే 6 వోల్టులు, ఆరుంటే 12. నిండుగా ఉన్న ఆరు వోల్టుల బ్యాటరీ మీటరు మీద 6.3 చూపుతుంది, పన్నెండు వోల్టులది 12.6 చూపుతుంది. కనక 6.1 అంటే సుమారు సగం నిండిన చిన్నదైనా కావచ్చు, దాదాపు చచ్చిన పెద్దదైనా కావచ్చు!

మా బ్యాటరీని ఆరు మీద పెట్టి ఉంటే రాత్రంతా ఉంచినా నిండేది కాదు, అంతే. అటుది ఇటయితేనే భయం. ఆరు వోల్టులదాన్ని 12 మీద పెడితే, 7 వోల్టులు చాలినదానికి ఛార్జరు 14 ఇస్తుంది. బ్యాటరీ కాగిపోతుంది. లోపలి నీరు హైడ్రోజన్, ప్రాణవాయువులుగా విడిపోయి బుడబుడమని పైకి వస్తుంది. నిప్పురవ్వ తగిలిందా, పేలుతుంది. ఆమ్లం కళ్ళలో పడుతుంది. మీట సరిగా పెట్టినా సరే, గాలి ఆడే చోటనే ఛార్జి చేయాలి. ముందు తీగలు తగిలించి, తరవాత కరెంటు వేయాలి. ఈ పని పెద్దవాళ్ళు దగ్గరుండి చేయించవలసిందే.

మూతలు లేకుండా మూసేసిన బ్యాటరీలు కూడా ఉన్నాయి. వాటి పక్కల మీద అచ్చుపోసిన అంకెలు వెతకాలి, లేదా యంత్రంతో వచ్చిన పుస్తకం చూడాలి. లిథియం బ్యాటరీలకు ఈ రెండు వోల్టుల లెక్క పనికిరాదు. వాటిని వాటి సొంత ఛార్జరుతోనే ఛార్జి చేయాలి.

మాది 12 మీద పెట్టాం. మర్నాడు మీటరు 12.4 చూపింది, యంత్రం కదిలింది, మనవడు గంతులు వేశాడు. కాని మూడు వారాలకే బ్యాటరీ మళ్ళీ చచ్చింది. ఖాళీ అయిన బ్యాటరీ చాలాకాలం అలాగే పడి ఉంటే, పలకల మీద గట్టి తెల్లని పొర కట్టి, తరవాత ఎంత ఛార్జి చేసినా నిలవదు. కొత్తది కొన్నప్పుడు, పాతది తెచ్చి ఇచ్చినందుకు దుకాణంవాడు కొంత సొమ్ము తగ్గించాడు. ఆ సీసాన్ని కరిగించి మళ్ళీ వాడతారట. ఆ సొమ్ము మాత్రం మా మనవడు తన జేబులో వేసుకున్నాడు.