బడి సైటు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఊరి బడికి ఒక వెబ్‌సైటు ఉందంటే, దాని వెనకాల ఎవరో ఒక పూర్వ విద్యార్థి క్రెడిట్ కార్డు ఉందని అర్థం. ఆ కార్డు గడువు ముగిసిందంటే బడి ఇంటర్నెట్‌లోంచి మాయం. ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు. ఈ ఎండాకాలం సెలవుల్లో మా మండలంలోని ఒక బడి సైటును పాత సర్వర్ నుంచి షేర్డ్ హోస్టింగ్‌కి మార్చే పని నా మీద పడింది. అప్పుడు కళ్లారా చూశాను.

మాది గంభీరావుపేట. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా. నర్మాల దగ్గర ఎగువ మానేరు ప్రాజెక్టు మా మండలంలోదే. 2023 ఫిబ్రవరిలో ‘మన ఊరు - మన బడి’ కింద కేజీ టు పీజీ క్యాంపస్ మొదలైనప్పుడు మా ఊరి పేరు మీరు వార్తల్లో చూసే ఉంటారు. నేను చెప్పే బడి అది కాదు, వేరే. పేరు మాత్రం చెప్పను. ఆ సైటు లోపల పిల్లల పేర్లు, మార్కులు ఉన్నాయి మరి.

టీవీ ప్రశ్న అడగదు

2020 సెప్టెంబర్ 1 గుర్తుందా? ఆ రోజే తెలంగాణలో డిజిటల్ క్లాసులు మొదలయ్యాయి. టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. ఇంట్లో టీవీ ఉన్నోళ్లు ఇంట్లో, లేనోళ్లు పక్కింట్లో కూర్చుని విన్నారు. కానీ టీవీ తన మానాన తను చెప్పుకుంటూ పోతుంది. పిల్లాడికి అర్థమైందో లేదో అడగదు. ఆ లోటు తీర్చడానికి ఈ బడిలోనే చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న, మూడుల్‌తో సైటు తయారు చేసి ఇచ్చాడు.

మూడుల్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. పాఠాలు పెట్టొచ్చు, క్విజ్‌లు పెట్టొచ్చు, హోంవర్క్ తీసుకుని దిద్దొచ్చు. దీన్ని తయారు చేసిన మార్టిన్ డూగియామస్‌ది ఆస్ట్రేలియా. 2002 ఆగస్టులో మొదటి వెర్షన్ విడుదల చేశాడు. ఆయన చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో ఉండేవాడు. దగ్గర్లో బడి లేదు. షార్ట్‌వేవ్ రేడియోలో టీచర్ చెప్పే పాఠం విని చదువుకున్నాడు. రేడియోలో చదువుకున్న పిల్లాడు చేసిన సాఫ్ట్‌వేర్, టీవీలో చదువుకుంటున్న మా పిల్లల దాకా వచ్చిందన్నమాట.

బడులు తెరిచాక కూడా ఆ సైటు ఆగలేదు. ముఖ్యంగా లెక్కల సారు వల్ల. తొమ్మిది, పది తరగతులకు కలిపి దాదాపు ఆరు వందల ప్రశ్నలు తెలుగులో టైపు చేసి పెట్టారు. తప్పు జవాబు నొక్కితే ‘ఎక్కడ పొరపాటు పడ్డవో చూడు’ అని ఆయన గొంతుతోనే వివరణ వినిపిస్తుంది. ఆయన రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ప్రశ్నలు, ఆ గొంతు మాత్రం ఇంకా పాఠం చెప్తూనే ఉన్నాయి.

‘నువ్వు పోయినంక ఎవరు చూస్తరు?’

ఏప్రిల్‌లో హెడ్మాస్టర్ సారు ఫోన్ చేశారు. “ఏం బిడ్డా, మంచిగున్నవా? మన సైటు పెట్టిన అన్న జర్మనీ పోతున్నడట. జూన్ దాకనే పైసలు కట్టిండట. అటెన్క ఎట్లరా?”

ఆ అన్నను ఒక్క మాట అనడానికి లేదు. ఇన్నేళ్లూ తన జీతంలోంచి నెలనెలా క్లౌడ్ బిల్లు కట్టాడు. బిల్లు డాలర్లలో వచ్చేది. ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరినీ అడగలేదు. ఇబ్బంది ఆయన మంచితనంలో లేదు, ఏర్పాటులో ఉంది. సర్వర్ ఆయన అకౌంట్‌లో, డొమైన్ ఆయన ఈమెయిల్ మీద, పాస్‌వర్డ్ ఆయన ల్యాప్‌టాప్‌లో. బడికి సొంతంగా ఉన్నది సైటు అడ్రస్ రాసిన ఫ్లెక్సీ ఒక్కటే.

ఆఫీసులో దోస్తులను అడిగితే అందరిదీ ఒకటే మాట. “ఇంకో క్లౌడ్ సర్వర్ తీస్కో, డాకర్‌లో పెట్టు, ఒక్క రాత్రిలో అయిపోతది.” నిజమే, నేను రోజూ చేసే పని కూడా అదే. సారుకు ఆ దారి గురించి చెప్పాను. అంతా విని ఆయన ఒక్క ప్రశ్న అడిగారు.

“బాగనే ఉంది గానీ, నువ్వు పోయినంక ఎవరు చూస్తరురా?”

నేనెక్కడికీ పోవట్లేదు సార్ అనబోయి ఆగిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ వాడు ఆ మాట ఎలా అనగలడు? రేపు ఆఫర్ వస్తే పుణెనో, డల్లాసో. పెళ్లయితే ఇంకో లెక్క. ఆ అన్న కూడా 2020లో ఎక్కడికో పోదామనుకుని సైటు పెట్టలేదు కదా.

అప్పుడు ప్రశ్నను తిప్పి వేసుకున్నాను. ఏ సర్వర్ గొప్పది అని కాదు, ఈ బడిలో ఉండే మనిషి ఎవరు అని. జవాబు వెంటనే దొరికింది. సోషల్ మేడమ్. ఉండేది ఊళ్లోనే. మధ్యాహ్న భోజనం లెక్కలన్నీ ఎక్సెల్‌లో రాసేది ఆమే. నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టమంటే కొట్టలేదు. బటన్లు, బొమ్మలు ఉన్న కంట్రోల్ ప్యానెల్ ఇస్తే నడిపించగలదు. అలా షేర్డ్ హోస్టింగ్ ఖాయమైంది. బిల్లు రూపాయల్లో, ఏడాదికి ఒక్కసారి, బడి పేరు మీద.

పోర్షన్ల ఇల్లు

షేర్డ్ హోస్టింగ్ అంటే పోర్షన్ల ఇల్లు లాంటిది. ఒకే సర్వర్‌లో ఎన్నో సైట్లు అద్దెకుంటాయి. ఒకే నీళ్ల ట్యాంకు, ఒకే మోటరు. అద్దె తక్కువ, రిపేర్లు ఓనరే చూసుకుంటాడు. కానీ మనం ఎన్ని బిందెలు పట్టుకోవాలో లెక్క ఉంటుంది. డిస్క్ ఇంత, మెమరీ ఇంత, ఫైళ్ల సంఖ్య ఇంతకు మించొద్దు, ఒకే క్షణంలో ఇంతమందే లోపలికి రావాలి.

మా సైటు తూకం వేస్తే 11 జీబీ తేలింది. అందులో 9 జీబీ వీడియోలే. వాటిని ముందు బడి పేరు మీద తెరిచిన యూట్యూబ్ ఛానెల్‌లోకి అన్‌లిస్టెడ్‌గా పంపి, పాఠాల్లో లింకులు పెట్టాం. సిగ్నల్ తక్కువున్నప్పుడు యూట్యూబ్ క్వాలిటీ తగ్గించుకుని అయినా నడుస్తుంది. పల్లెల్లో అది పెద్ద సుఖం.

ఇక మిగిలిన సామాను. మూడుల్ సైటు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకటి ప్రోగ్రామ్. రెండోది డేటాబేస్. ప్రశ్నలు, మార్కులు, పేర్లు అందులోనే. మూడోది మూడుల్‌డేటా అనే ఫోల్డర్. ఆడియోలు, పీడీఎఫ్‌లు అక్కడుంటాయి. ఆ ఫోల్డర్ తెరిచి లెక్కల సారు ఆడియో వెతుకుదామంటే దొరకదు. ప్రతి ఫైలుకూ 40 అక్షరాల పొడుగు పేరు ఉంటుంది. ఏ పేరు వెనక ఏ పాఠం ఉందో డేటాబేస్‌కే తెలుసు. అందుకే ఆ రెండూ ఒకే సమయంలో తీసిన కాపీలై ఉండాలి. నిన్నటి డేటాబేస్, ఈ రోజు ఫోల్డర్ అంటే కుదరదు. సైటును మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి, పిల్లలెవరూ లోపల లేరని చూసుకున్నాకే రెండూ కాపీ తీయాలి. కొత్త చోట ఆ ఫోల్డర్‌ను బయటి వాళ్లు బ్రౌజర్‌లో తెరవగలిగే భాగంలో పెట్టకూడదు. వాకిట్లో బీరువా పెట్టుకోం కదా.

‘గణితం’ గల్లంతు

అసలు మార్పిడికి వారం ముందు ఒక ట్రయల్ కాపీ ఎక్కించి చూశాం. పేజీలు తెరుచుకున్నాయి. కానీ ‘గణితం’ అని ఉండాల్సిన చోట కొమ్ములు, చుక్కలు తగిలించిన పరాయి అక్షరాల వరస. ఆరు వందల ప్రశ్నలూ అంతే. పక్కన కూర్చున్న మేడమ్ మొహం మాడిపోయింది. “అన్నీ పోయినట్టేనా తమ్ముడూ?” అంది.

పోలేదు. యూనికోడ్‌లో ‘గ’ అనే ఒక్క అక్షరాన్ని దాచడానికి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కావాలి. చదివేవాడు బైటుకొక అక్షరం అనుకుంటే, మన ‘గ’ మూడు పిచ్చి అక్షరాలైపోతుంది. బైట్లు మారలేదు, చదివే పద్ధతి మారిందంతే. ఇలా పిచ్చి అక్షరాలు కనిపిస్తే చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. అదే అక్షరాల బదులు వరసగా ప్రశ్న గుర్తులు నిల్వ అయిపోయాయంటే మాత్రం అసలు అక్షరం చెరిగిపోయినట్టే. పాత కాపీ ఉంటేనే దిక్కు.

దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. మై-ఎస్‌క్యూఎల్‌లో పాతకాలపు ‘యూటీఎఫ్-8’ ఒక అక్షరానికి మూడు బైట్ల దాకే చోటిస్తుంది. తెలుగుకు సరిపోతుంది గానీ ఇమోజీకి నాలుగు బైట్లు కావాలి. మా పిల్లలు జవాబు చివర నవ్వు బొమ్మ పెట్టకుండా ఊరుకుంటారా? అందుకే కాపీ తీసేటప్పుడు, ఎక్కించేటప్పుడు, రెండు వైపులా నాలుగు బైట్ల పద్ధతి, అంటే యూటీఎఫ్-8-ఎంబీ-4 అని స్పష్టంగా చెప్పాలి. చెప్పి మళ్లీ ఎక్కించాం. ‘గణితం’ గణితంగానే వచ్చింది. మేడమ్ ఒక్కో ప్రశ్న తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. పదో ప్రశ్న దాకా ఆపలేదు.

డొమైన్‌ను జర్మనీ వెళ్లేలోపే ఆ అన్న బడి ఈమెయిల్ మీదికి మార్చి ఇచ్చాడు. అడ్రస్ అదే ఉండటంతో పిల్లల ఫోన్లలో సేవ్ చేసిన లింకులేవీ చెడలేదు. కొత్త సర్వర్ వైపు తిప్పే ముందు రోజే డీఎన్ఎస్‌లో టీటీఎల్ అనే గడువును 300 సెకన్లకు తగ్గించాం. పాత చిరునామాను ఎవరూ ఎక్కువసేపు గుర్తుపెట్టుకోకుండా అన్నమాట. అయినా దుబాయ్‌లో ఉంటూ కూతురి మార్కులు చూసుకునే ఒక తండ్రికి సాయంత్రం దాకా పాత సైటే కనిపించింది. అందులో ‘సైటు మారుతోంది, కాస్త ఆగండి’ అని తెలుగులో రాసిపెట్టాం కాబట్టి ఆయన కంగారు పడలేదు.

రాత్రి ఎనిమిదింటి రష్

జూన్‌లో బడి తెరిచాక అసలు పరీక్ష వచ్చింది. పగలు సైటులో ఎవరూ ఉండరు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా అందరూ ఒక్కసారే వస్తారు. ఎందుకంటే పగలు ఫోన్ నాన్న జేబులో ఉంటుంది. ఆయన పొలంలోనో, సిరిసిల్లలో సాంచాల దగ్గరో ఉంటాడు. ఇంటికొచ్చాకే పిల్లల చేతికి ఫోన్. ఆ గంటన్నరలో మూడు తరగతులు క్విజ్ తెరిస్తే పోర్షన్ ఇంటి ట్యాంకు ఖాళీ.

ఆఫీసులోనైతే ఇంకో సర్వర్ పెంచేవాళ్లం. ఇక్కడ టైమ్‌టేబుల్ మార్చాం. ఎనిమిదో తరగతికి సోమవారం, తొమ్మిదికి బుధవారం, పదికి శుక్రవారం క్విజ్. గడువు కూడా ఒక్క రాత్రి కాదు, రెండు రోజులు. మూడుల్ వెనకాల చేసుకునే పనులకు క్రాన్ అని ఒకటి ఉంటుంది. దాన్ని నిమిషానికోసారి నడపమంటారు. మా హోస్ట్ ఐదు నిమిషాలకోసారే ఒప్పుకుంది. మార్కుల మెసేజ్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

నెల రోజులు సాఫీగా నడిచాక పాత సర్వర్‌ను పూర్తిగా చెరిపించాం. ఇది చాలామంది మరిచిపోయే పని. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల పేర్లు, నంబర్లు, మార్కులు ఎవరూ పట్టించుకోని ఏ సర్వర్‌లోనో పడి ఉండకూడదు.

బీరువాలో ఒక రిజిస్టర్

ఇప్పుడు హెడ్మాస్టర్ గది బీరువాలో అడ్మిషన్ రిజిస్టర్ పక్కన ఇంకో రిజిస్టర్ ఉంది. డొమైన్ ఎక్కడ కొన్నాం, ఏ తేదీకి రెన్యువల్, హోస్టింగ్ ఎవరిది, పాస్‌వర్డ్ ఏంటి, బ్యాకప్ ఎలా తీయాలి, అన్నీ మేడమ్ చేతిరాతతో ఉన్నాయి. నేను చెప్తుంటే ఆమె రాసింది. అర్థం కాని చోట నన్ను ఆపి మళ్లీ చెప్పించుకుంది. ప్రతి శనివారం బ్యాకప్ తీసి, పెన్‌డ్రైవ్ అదే బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఆగస్టులో ఒక రాత్రి సైటు కాసేపు ఆగిందట. ఆమే హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెట్టి సరిచేయించుకుంది. ఆ సంగతి నాకు తర్వాతి వారం తెలిసింది. ఉద్యోగంలో ఎన్ని రిలీజ్‌లు చేశానో గానీ, ఇంత తృప్తినిచ్చింది ఇదొక్కటే.

మీరు చదివిన బడికి కూడా ఒక సైటో, ఛానెలో ఉండే ఉంటుంది. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు సారును నాలుగు ప్రశ్నలు అడగండి. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? బిల్లు ఎవరి కార్డు మీద పోతోంది? చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు? దాన్ని ఎక్కించి చూశారా? ఈ నాలుగింటికీ జవాబుగా బడిలో లేని మనిషి పేరే వినిపిస్తే, రెండు రోజులు సెలవు పెట్టి కూర్చోండి. కోడింగ్ పెద్దగా ఉండదు. మీరు చెప్తుంటే రాసుకునే ఒక మనిషి, ఒక రిజిస్టర్ ఉంటే చాలు.