పాత విమానమునకు క్రొత్త రక్షణ

హిందూపురము సంతకు బెల్లమును, చింతపండును ఎద్దుబండ్లపై చేరవేసిన కాలములో పాతబండిని కొన్న రైతు మొట్టమొదట దానికి రంగు పూయించెడివాడు కాడు. ఎద్దుల మెడలకు క్రొత్త గంటలు కొనెడివాడును కాడు. బండిని పైకెత్తి నిలిపి, చక్రమును చేతితో త్రిప్పి చూచెడివాడు. ఇరుసు అరిగినదా, ఆకులు వదులైనవా, ఇనుపపట్టా బిగువుగా నున్నదా, కడచీల చెదరక నిలుచుచున్నదా యని పరీక్షించెడివాడు. బరువుతో పల్లమునకు దిగుచున్న బండికి కడచీల యూడిపోయిన నేమగునో అతనికి బాగుగా తెలియును.

నేలపై నడచు బండి విషయములోనే ఇంత వివేకము కావలసియుండగా, ఆకాశమున నెగురు పాత వాహనమును కొన్నవానికి ఎంత వివేకము కావలెను?

లోకములో నేడు ఎగురుచున్న చిన్న విమానములలో అనేకము నలువది, ఏబది యేండ్ల క్రిందట తయారైనవి. సెస్నా 172 అను నాలుగు ఆసనముల విమానము 1955లో మొదటిసారి ఎగిరెను. నాటినుండి 44,000కు పైగా అట్టి విమానములు తయారైనవి. ఇన్ని సంఖ్యలో నిర్మింపబడిన విమానము వేరొకటి లేదు. మన దేశములోని వైమానిక శిక్షణ సంస్థలలో అనేకమంది యువతీయువకులు ఈ జాతి విమానములతోనే ఎగురుట నేర్చుకొనిరి. క్రొత్తదాని వెల మిక్కిలి హెచ్చు గనుక పలువురు పాతదానినే కొందురు. అందు తప్పులేదు. క్రమము తప్పక పరీక్షించి, అరిగిన భాగములను మార్చుచున్నయెడల విమానము చిరకాలము సేవ చేయగలదు.

అయినను ఒక చిక్కు కలదు. పాత విమానము పుట్టిననాటికి మానవునకు తెలియని సంగతులు కొన్ని తరువాత తెలిసినవి. వానిని తెలిసికొనుటకు అనేకులు ప్రాణములర్పించిరి. ఆ జ్ఞానము క్రొత్త విమానములో ముందుగానే చేరియుండును; పాతదానిలో యజమానియే చేర్చవలెను. అతని చేతిలోని ధనము మితము. మెరయు రంగు, మెత్తని తోలు ఆసనములు, వెలుగు తెరలు అతనిని పిలుచుచుండును. మొదటి రూపాయి దేనికి వెచ్చించుననుదానిపై అతని ప్రాణము, అతనిని నమ్మి ఎక్కినవారి ప్రాణము ఆధారపడియుండును.

2012 మే 22వ తేదీ తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో నిలిచియున్న గూడ్సుబండిని హంపి ఎక్స్‌ప్రెస్సు ఢీకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. వేగముగా పోవు వాహనము హఠాత్తుగా ఆగినను, లోనివారి శరీరములు వెంటనే ఆగవు. అదే వేగముతో ముందునకు పోవును. రైలైనను, బస్సైనను, విమానమైనను ఈ ధర్మమొక్కటే. పాత చిన్న విమానములు పెక్కింటిలో నడుమునకు కట్టుకొను పట్టీ మాత్రమే యుండెడిది. విమానము నేలను తాకి ఆగినపుడు నడుము నిలుచును గాని, పైశరీరము వంగి తల యెదుటి పరికరముల బల్లకు కొట్టుకొనును.

ఈ విషయమును లోకమునకు తెలిపినవారిలో హ్యూ డిహేవెన్ అను అమెరికా దేశీయుడు ముఖ్యుడు. 1917లో అతడు విమానము నడపుట నేర్చుకొనుచుండగా, రెండు శిక్షణ విమానములు ఆకాశమున ఢీకొని కూలినవి. అతడు తీవ్రమైన గాయములతో బ్రదికెను. అదృష్టవంతుడవని అందరు ననిరి. అతడు దానితో తృప్తిపడలేదు. తన కడుపులోని అవయవములు చితుకుటకు నడుముపట్టీ బిళ్లయే కారణమని గ్రహించెను. గాజుసామానును గడ్డిలో పొదిగి పెట్టెలో పంపినట్లు మనుష్యునికూడ వాహనములో భద్రపరుపవచ్చునని అతడు తలచెను. 1942లో కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో ప్రమాదపు గాయములను గూర్చి పరిశోధన నారంభించెను.

1985లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ప్రకటించిన పరిశీలన యిట్లు చెప్పుచున్నది: భుజపట్టీలు కూడ ధరించియున్నచో, ఆ ప్రమాదములలో మరణించినవారిలో నూటికి 20 మంది బ్రదికియుండెడివారు, తీవ్రముగా గాయపడినవారిలో నూటికి 88 మందికి గాయములు చాల తగ్గియుండెడివి. ఆ దేశములో 1978 జూలై 18 తరువాత తయారైన చిన్న విమానముల ముందు ఆసనములకును, 1986 డిసెంబరు 12 తరువాత తయారైన వాని అన్ని ఆసనములకును భుజపట్టీలు తప్పనిసరి యయ్యెను. అంతకు పూర్వపు విమానమును కొన్నవానికి చట్టము ఈ పని చేసిపెట్టదు. అతడే చేసికొనవలెను.

పట్టీ తరువాత చూడవలసినది ఆసనము. నడుపువాడు ముందునకు వెనుకకు జరుపుకొనుటకు వీలుగా అది చిన్న పట్టాలపై నుండును. ఒక చీల పట్టాలోని రంధ్రములో దిగి దానిని కదలకుండ పట్టును. ఏండ్లు గడచినకొలది రంధ్రములు వెడల్పగును, చీల అరుగును. విమానము ముక్కు పైకెత్తి నేలను విడుచు క్షణమున ఆసనము వెనుకకు జారినదా, నడుపువాడు తెలియకయే చేతిలోని పిడిని లాగును. ముక్కు ఇంకను పైకి లేచును. రెక్కలు గాలిపై పట్టు కోల్పోవును. ఇట్టి ప్రమాదముల వలననే 1987లో అమెరికా విమానయాన శాఖ సెస్నా విమానముల ఆసనపు పట్టాలను, చీలలను విధిగా పరీక్షింపవలెనని ఆజ్ఞాపించెను. ఆసనము జారినను ఆపగల రెండవ పట్టును తరువాత అమర్చుకొను వీలు కలిగెను. బండికి కడచీల యెట్టిదో విమానమునకు ఈ చీల యట్టిది.

మూడవది కంటికి కనబడని శత్రువు. 2013 డిసెంబరు 28న బెంగుళూరు-నాందేడు ఎక్స్‌ప్రెస్సు పెట్టె యొకటి కొత్తచెరువు సమీపమున అగ్నికి ఆహుతియై 26 మంది మరణించిరి. పొగకు ఊపిరాడకయే పలువురు ప్రాణములు విడిచిరి. పొగ కంటికి కనబడును, ముక్కును మండించును. విమానపు యంత్రమునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. చిన్న విమానములలో లోని గాలిని వేడిచేయుటకు యంత్రపు పొగగొట్టము చుట్టును గాలిని త్రిప్పి లోనికి పంపుదురు. పాత గొట్టము పగిలినచో ఆ విషవాయువు కూడ లోనికి వచ్చును. నడుపువానికి తలనొప్పి కలుగును, మగత క్రమ్మును, విచక్షణ నశించును. తనకు ఏదో అగుచున్నదని తెలిసికొనుటకు వలసిన బుద్ధియే ముందు పోవును.

2019 జనవరి 21న ఎమిలియానో సాలా అను అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ప్రయాణించిన చిన్న విమానము ఇంగ్లీషు ఛానెలులో కూలెను. అది 1984 నాటి పైపర్ మాలిబు. అతని రక్తములో 58 శాతము హీమోగ్లోబిన్ ఈ విషవాయువుతో నిండియుండెనని పరీక్షలో తేలెను. వాయువును పసిగట్టి గట్టిగా హెచ్చరించు పరికరము ఆ విమానములో లేదు. అట్టి పరికరము అరచేతిలో ఇమిడిపోవును. విమానపు వెలతో పోల్చిన దాని ఖరీదు లెక్కలోనిది కాదు.

పిదప పరికరముల బల్లను చూడవలెను. మేఘములలో నేల కనబడనపుడు శరీరము చెప్పు పైక్రిందులను నమ్మరాదు. అపుడు దిగంతమును చూపు పరికరమే దిక్కు. పాత విమానములలో అది గాలిని పీల్చు పంపు బలముతో తిరుగు చక్రముపై ఆధారపడియుండును. పంపు ముందు తెలుపకయే ఆగిపోవచ్చును. చక్రము మెల్లమెల్లగా సోలి, తప్పుడు దిగంతమును చూపును. స్వంత బ్యాటరీ గల విద్యుత్ పరికరము నొకదానిని చేర్చినయెడల ఈ యాపద చాలవరకు తొలగును.

ప్రమాదము తప్పనినాడు సాయము త్వరగా రావలెను. 1972 అక్టోబరు 16న అలాస్కాలో ఇద్దరు అమెరికా కాంగ్రెసు సభ్యులు ఎక్కిన చిన్న విమానము అదృశ్యమయ్యెను. 39 దినములు వెదకినను జాడ దొరకలేదు. అటుపిమ్మట ఆ దేశములో చిన్న విమానములకు ఆపదను తెలుపు రేడియో తప్పనిసరి యయ్యెను. 1982 సెప్టెంబరు 10న సోవియట్ ఉపగ్రహమొకటి అట్టి పిలుపును పట్టుకొనగా, కెనడాలో కూలిన విమానములోని ముగ్గురు రక్షింపబడిరి. పాత రేడియోలు 121.5 మెగాహెర్ట్జులలో పిలుచును. 2009 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములు ఆ పిలుపును వినుట మానినవి. నేడు అవి వినునది 406 మెగాహెర్ట్జుల పిలుపును. మన దేశమునకు సంబంధించిన పిలుపులు హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరులోని ఇస్రో కేంద్రమునకు చేరును. ఈ రేడియో పిలుపులో విమానపు గుర్తు కూడ నుండును. కొన్న వెంటనే క్రొత్త యజమాని తన పేరును, ఫోను సంఖ్యను నమోదు చేయింపవలెను. లేనిచో రక్షకులు విమానము నమ్మివేసిన పాత యజమానికే ఫోను చేయుదురు.

ఈ మార్పులను తోచినట్లు తానే బిగించుకొనరాదు. పౌర విమానయాన శాఖ అంగీకరించిన వస్తువులనే, అర్హత గల ఇంజనీరుచేత అమర్పింపవలెను. ప్రతి పనిని విమానపు పుస్తకములో వ్రాయింపవలెను. క్రొత్త వస్తువు చేరిన బరువు మారును, తూనిక కేంద్రము జరుగును. వానిని మరల లెక్కింపవలెను.

కొనుటకు వీలుపడని రక్షణలును కలవు. ప్రతి ప్రయాణమునకు ముందు ఇంధనపు తొట్టి అడుగునుండి కొంచెము గాజుగొట్టములోనికి తీసి, నీరు కలసినదేమో చూడవలెను. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగున చేరును; దానికి వలయునది నిమిషము సేపు శ్రద్ధయే. వేసవి యెండను కూడ లెక్కింపవలెను. హిందూపురపు పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది. ఎండ 40 డిగ్రీలకు చేరిన దినమున అక్కడి గాలి పలుచబడి, విమానమునకు 1,600 మీటర్ల యెత్తున నున్నట్లే తోచును. యంత్రబలము తగ్గును, రెక్కల పట్టు తగ్గును, పరుగుబాట చాలకపోవచ్చును. వాతావరణము ఇంకను బలమైనది. 2019 అక్టోబరు 6న వికారాబాదు జిల్లాలో శిక్షణ విమానమొకటి పొలములో కూలి, శిక్షణ పొందుచున్న ఇద్దరు యువజనులు మరణించిరి. ఆనాడచ్చట వాతావరణము ప్రతికూలముగా నుండెను.

ధర్మవరపు నేతకాడు పట్టుచీర నేయుచుండగా ఒక పోగు తెగిన మగ్గమును ఆపును. వేలకొలది పోగులలో ఒకటియే గదా యని సాగిపోడు. తెగినదానిని అతికిన పిమ్మటనే మరల నేయును. ఆలస్యమైనదని అతని నెవ్వరు నిందింపరు. విమానము నడుపువానికిని ఆగుటకు ధైర్యము కావలెను. చీల వదులుగా తోచిన నాడు, మబ్బులు క్రమ్మిన నాడు, “ఈ దినము ఎగురను” అని పలుకుటకు వెచ్చము లేదు. పట్టీ, రేడియో, పరికరము ఆపద వచ్చిన పిమ్మట కాపాడును. ఆ యొక్క మాట ఆపదను చేరనీయకయే కాపాడును.